తవిటయ్య ఎడమచెయ్యి

గెడ్డవలస ఏరియా ఆసుపత్రిలో ఇకమీదట జ్వరాలు ఉండకూడదని పైనుంచి ఉత్తర్వు దిగిన రోజున తవిటయ్య మెడికల్ వార్డు వరండాలో కూర్చుని స్ట్రెచర్ చక్రానికి కొబ్బరినూనె రాస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ స్ట్రెచర్‌ను తోసేది అతనే, కీచుమనే చక్రానికి నూనె రాసేదీ అతనే, ఆ నూనె వచ్చేదీ అతని ఇంట్లోంచే. ఆసుపత్రికి సంబంధించినంతవరకు చక్రం కీచుమనడం లేదు. కీచుమంటోందని ఎవరూ కాగితం పెట్టలేదు గనక.

సూపరింటెండెంటు పుండరీకాక్షరావు గారు అందరినీ తన గదికి పిలిపించారు. డాక్టర్లు కుర్చీల్లోను, నర్సులు గోడవారనా, తవిటయ్య గుమ్మం బయటా సర్దుకున్నాక ఆయన గొంతు సవరించుకుని కాగితం చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు అను నాలుగు ప్రాణసూచికలలో అసాధారణతలు ఇతర ప్రదేశములకన్న ఆసుపత్రులలోనే అధికముగా నమోదగుచున్నట్లు గణాంకములు తెలుపుచున్నవి. సినిమాహాళ్లలోగాని, రైల్వేస్టేషన్లలోగాని ఇంత లేదు. కావున లోపము ఆసుపత్రులదే అని భావించడమైనది."

హెడ్ నర్సు సువార్తమ్మ ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి. ఎవరు ఏం చదివినా చివరిదాకా వినడం ఆమెకు అలవాటు లేదు.

"జబ్బున్నోళ్లే కదండీ సార్ ఆసుపత్రికి వచ్చేది" అంది.

"అది మీ అభిప్రాయం సిస్టర్" అన్నారు సూపరింటెండెంటు. "ఇది గణాంకం."

ఆ ఉత్తర్వుతో మొదలైన ఉద్యమం పేరు 'ప్రాణసూచికల సంపూర్ణ సాధారణీకరణ మహోద్యమం'. పద్ధతి చాలా సులువు. రోజుకు నాలుగుసార్లు ప్రతి మంచం దగ్గరా చేతికి మిషన్ పట్టీ చుట్టి, బీపీ, నాడి, జ్వరం చూసి, ఊపిరి లెక్కపెట్టి, మిషన్ తెరనూ మంచం నంబరునూ కలిపి ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. అంకెలు నార్మల్ అయితే యాప్‌లో పచ్చరంగు పడుతుంది. కాకపోతే ఎరుపు. ఒక్కొక్క ఎరుపుకు డ్యూటీ నర్సు మూడేసి ప్రతుల్లో సంజాయిషీ రాయాలి. నెలరోజులు ఒక్క ఎరుపూ పడని ఆసుపత్రికి రాష్ట్ర పురస్కారం. ఆ ఆసుపత్రి సూపరింటెండెంటుకు ప్రమోషన్. చివరి వాక్యాన్ని పుండరీకాక్షరావు గారు రెండుసార్లు చదివారు.

మొదటిరోజు నలభై మంచాలకు ముప్పై ఒక్క ఎరుపులు పడ్డాయి.

ఏడో నంబరు మంచం మీద సూరపునాయుడనే కొబ్బరికాయల వ్యాపారి ఉన్నాడు. మలేరియా. నూట రెండు జ్వరం. "సదరు రోగికి మీ డ్యూటీ వేళల్లో జ్వరము ఏల వచ్చినది?" అని పైనుంచి అడిగారు. "దోమ కుట్టినందున" అని సువార్తమ్మ మూడు ప్రతుల్లో రాసింది. సాయంత్రానికి తిరుగు టపా వచ్చింది. "దోమను ఎవరి అనుమతితో లోనికి రానిచ్చితిరి?"

సూరపునాయుడికి వేరే నోటీసు ఇచ్చారు. ఇరవై నాలుగు గంటల్లో జ్వరం తగ్గించుకోవాలి, లేదా కారణం చూపాలి. అతను ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, తవిటయ్య చేతికిచ్చాడు.

"నానేటి రాయాలి బావూ? అలవాటైన జొరం కాదిది. కొత్తగా వచ్చింది."

"నన్నడిగితే ఏటి సెప్తాను నాయుడూ. నాకు జొరమే రాదు."

మూడు రోజులు గడిచేసరికి రోగులకన్నా నర్సులు నీరసించారు. అంకెలు మార్చి రాద్దామంటే ఫోటో అడ్డం. మిషన్ తెర మీద ఏది కనబడితే అదే. సువార్తమ్మకు ఒక ఆలోచన తట్టి, ఏడో నంబరు మంచం దగ్గర పట్టీ తన చేతికే చుట్టుకుంది. నూట అరవై ఎనిమిది. ఎరుపు. ఆ డ్యూటీలో ఉన్న నర్సులందరి చేతులూ వరసగా చూసింది. అన్నీ ఎరుపే. ఆ ఉత్తర్వు చదివిన మనిషి ఎవరికీ బీపీ నిలవలేదు. సంగతేమిటని చూడ్డానికి వచ్చిన సూపరింటెండెంటు గారి చేతికి చుడితే మిషన్ నూట తొంభై దాటి కాసేపు ఆలోచించి ఆరిపోయింది.

అప్పుడు వరండా బల్ల మీద నిద్రపోతున్న తవిటయ్య కనిపించాడు.

పట్టీ బిగుసుకునేసరికి మెలకువ వచ్చింది. "నాకేటైందమ్మా?" అన్నాడు.

"ఏం కాలేదు. కదలకుండా ఉండు."

నూట ఇరవై బై ఎనభై. నాడి డెబ్బై రెండు. జ్వరం లేదు, తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. సువార్తమ్మ చేతి గడియారం చూస్తూ అతని ఛాతీ పైకీ కిందికీ ఆడటం నిమిషంపాటు లెక్కపెట్టింది. పదహారు. నర్సుల చదువులో పుస్తకం మొదటి పేజీలో అచ్చువేసిన అంకెలు. బొమ్మలో తప్ప మనిషిలో ఆమె వాటినెప్పుడూ ఒకచోట చూడలేదు. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. మళ్లీ అవే. ఆమె ఆ బల్ల మీదే కూర్చుండిపోయింది.

"ఏం తింటావయ్యా నువ్వు?"

"అంబలి తాగుతానమ్మా. ఎండుసేప ఉంటే నంజుకుంటాను."

"బెంగలేవీ లేవా నీకు?"

"ఉన్నాయమ్మా. ఇల్లు కారతాది. కానీ కాయితాలు సదవను."

తవిటయ్య అయిదో తరగతిలో బడి మానేశాడు. ఆ తర్వాత ప్రభుత్వం వారు పంపిన కాగితం ఏదీ చదివిన పాపాన పోలేదు. ఈ రాష్ట్రంలో అతని గుండె అలా నెమ్మదిగా కొట్టుకోవడానికి అంతకుమించిన రహస్యం ఏమీ లేదు.

సూపరింటెండెంటు ఉత్తర్వును మరోసారి శ్రద్ధగా చదివారు. చదివి, పెన్సిలుతో ఒకచోట గీత గీశారు.

"ఇందులో రోగి చెయ్యి అని లేదు సిస్టర్. 'మంచము మీది చెయ్యి' అని ఉంది."

"మరి రోగుల సంగతి?"

"మంచం మీద చోటుంటే వాళ్లూ ఉండవచ్చు."

సువార్తమ్మ షరతు పెట్టింది. "నిజం అంకెలు నేను రఫ్ నోటుబుక్కులో రాసుకుంటాను సార్. మందులు దాన్ని బట్టే ఇస్తాం. దానికి ఒప్పుకుంటేనే."

"రఫ్ అన్నమాట అట్ట మీద ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు" అన్నారాయన.

మర్నాటి నుంచి తవిటయ్య స్ట్రెచర్ తోయడం మానేసి మంచాలు ఎక్కడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఆరింటికి ఒకటో నంబరుతో మొదలు. "కాస్త జరుగు నాయుడూ" అని సూరపునాయుణ్ని పక్కకు జరిపి, వెల్లకిలా పడుకుని ఎడమచెయ్యి చాపేవాడు. ఒక నర్సు ఆ చేతికి పట్టీ చుట్టి ఫోటో తీసేది. సువార్తమ్మ అటువైపు నిలబడి నాయుడి చెయ్యి పట్టుకుని చూసి, పెదవి విరిచి, రఫ్ నోటుబుక్కులో రాసుకునేది. యాప్‌లో మంచాలన్నీ వరిచేలలా పచ్చగా నిలబడ్డాయి.

ఆడవాళ్ల వార్డులో చిక్కు వచ్చింది. మగమనిషి ఆడవాళ్ల పక్కన ఎలా పడుకుంటాడని గొడవ. గుడ్డతెరకు చేతి మందాన కంత కోసి, తవిటయ్యను ఇవతల బల్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి మాత్రం లోపలికి పంపారు. చాలామంది ఆడవాళ్లు ఆ చేతిని దేవుడి చెయ్యి అనుకుని కళ్లకద్దుకున్నారు. ఒకావిడ గాజులు తొడగబోయింది.

అసలు కష్టం పిల్లల వార్డులో ఎదురైంది. పిల్లల గుండె పెద్దవాళ్ల గుండెకన్నా వేగంగా కొట్టుకుంటుంది. ఆరేళ్ల పిల్లవాడికి నాడి నూరు ఉండాలి. డెబ్బై రెండు చూపిస్తే యాప్ ఎర్రబడుతుంది. అప్పుడు సువార్తమ్మ తవిటయ్యను వరండా చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తమంది. రొప్పుతూ వచ్చి పడుకుంటే సరిగ్గా నూట నాలుగు. పచ్చ. అప్పుడే పుట్టిన బిడ్డకైతే నూట నలభై ఉండాలి, ఊపిరి నిమిషానికి నలభై. అందుకు రెండంతస్తుల మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాల్సి వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి పసిగుడ్డు కావాలంటే ఊరికే అవుతుందా?

మెట్ల దగ్గర సూపరింటెండెంటు గారే స్వయంగా నిలబడేవారు.

"ఇప్పుడెంత వయసొచ్చింది తవిటయ్యా?"

"మూడేళ్లకొచ్చినాను బాబూ" అనేవాడు తవిటయ్య రొప్పుతూ, ఒక చేత్తో గోడ పట్టుకుని.

"ఇంకొక్క అంతస్తు. పుట్టేస్తావు."

పదిరోజుల్లో గెడ్డవలస జిల్లాలో మొదటిస్థానానికి, పదిహేను రోజుల్లో రాష్ట్రంలో మొదటిస్థానానికి చేరింది. అప్పటినుంచి తవిటయ్యకు సుఖం పోయింది. అతని నాడి అతనిది కాకుండా పోయింది. ఎండుచేపలో ఉప్పు ఉంటుంది గనక అది మాన్పించారు. టీ మాన్పించారు. పేకాట చూడ్డం మాన్పించారు, చూస్తే నాలుగు కొట్టుకోవడాలు పెరుగుతున్నాయని. చివరకు అతని భార్య పైడమ్మకు కూడా ఒక కాగితం వెళ్లింది. ఆమె దాన్ని గుప్పిట్లో నలిపి పట్టుకుని నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వచ్చింది.

"ఈ కాయితంలో ఏటుంది బాబూ? గేటుకాడ ఆచ్‌మేన్ సదివి నవ్వుతున్నాడు గానీ సెప్పడు."

సూపరింటెండెంటు కళ్లజోడు సర్దుకున్నారు. "ఉదయం ఆరు గంటలకు పూర్వం, సాయంత్రం ఆరు తరువాత మీ భర్తతో వాగ్వాదము నిషేధించడమైనది. అనగా పోట్లాడకూడదు."

"ముందూ వద్దు, తరవాతా వద్దు. మజ్జిన ఆయన మీ కాడే ఉంటాడు. మరి నానెప్పుడు తిట్టాల?"

"అత్యవసరమైతే లిఖితపూర్వకంగా తిట్టవచ్చు."

"నాకు రాత రాదు బాబూ."

"అయితే ఇబ్బందే లేదు. ఇక్కడ వేలిముద్ర వేయండి."

ఆ వారం నుంచి అతన్ని ఇంటికి పంపడమే మానేశారు. దుప్పట్లు దాచే గది ఖాళీ చేసి 'ప్రమాణ మందిరం' అని బోర్డు పెట్టారు. గేటు దాటాలంటే పాసు కావాలి, పాసు మీద సంతకం సూపరింటెండెంటు గారిది. కొత్త మిషన్లు వస్తే ముందు తవిటయ్య చేతికి చుట్టేవారు. నూట ఇరవై బై ఎనభై చూపిస్తే మిషన్ మంచిది. చూపించకపోతే తిప్పి పంపేసేవారు.

పచ్చపడటం మొదలైన ఇరవై ఆరో రోజున వాన. తడిసిన మెట్ల మీద నాలుగుసార్లు పుట్టి, ఆ తడిచొక్కాతోనే ముప్పై మంచాలు పడుకున్నాడు తవిటయ్య. రాత్రికి దగ్గు పట్టుకుంది. తెల్లారేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది, కుడివైపు డొక్కలో పోటు.

మిషన్ నూట మూడు పాయింట్ రెండు చూపించింది. నాడి నూట ఇరవై నాలుగు. బీపీ తొంభై ఆరు బై అరవై.

"మిషన్ పాడైంది" అన్నారు సూపరింటెండెంటు. మరొకటి తెచ్చారు. అదీ పాడైందే. ఒకదాని తర్వాత ఒకటి అయిదు మిషన్లు పాడయ్యాయి.

"సార్, మిషన్లు వదిలేయండి. ఊపిరి చూడండి" అంది సువార్తమ్మ. ఆమె కళ్లు తవిటయ్య ఛాతీ మీదే ఉన్నాయి. "నిమిషానికి ముప్పై. ముక్కుపుటాలు ఎలా ఎగురుతున్నాయో చూడండి. నెమ్ము చేసింది. మంచం ఇచ్చి, సెలైన్ కట్టి, ఇంజక్షన్లు మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

"ఈ మిషన్లన్నీ తవిటయ్యను బట్టి సరిచేసినవి సిస్టర్. తవిటయ్యకూ మిషన్‌కూ తేడా వస్తే తప్పు తవిటయ్యది ఎలా అవుతుంది? పైగా ప్రమాణమే రోగి అయితే ఈ ఇరవై ఆరు రోజుల పచ్చదనం ఏం కావాలి? నాలుగు రోజులు. పురస్కారం అయిపోనీండి."

తవిటయ్య గోడకు ఆనుకుని ఇద్దరి మాటలూ విన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమిటో అతనికి దొరకలేదు. ఊపిరి మాత్రం అందడం లేదు.

సువార్తమ్మ తన సంచిలోంచి మాత్రలు తీసి ఇచ్చింది. మాత్ర వేసిన గంటకు జ్వరం కాస్త దిగి, మిగతా అంకెలూ దారికొచ్చేవి. తడిగుడ్డలు వేసి ఇంకాస్త దింపేవారు. ఆ కాసేపట్లోనే సూపరింటెండెంటు అతన్ని మంచాల మీద నుంచి మంచాల మీదికి దొర్లించేవారు. ఎరుపు పడకుండా ముప్పై రోజులూ గడిచాయి. గేటు బయట పైడమ్మ క్యారేజీ పట్టుకుని రోజూ నిలబడేది. ప్రమాణానికి బయటి తిండి నిషిద్ధమని ఆ క్యారేజీ తిప్పి పంపేవారు.

పురస్కారం ఇవ్వడానికి మహోద్యమ సంచాలకులు శ్రీ విభూతిభూషణరావు గారు పదిగంటలకు వస్తామన్నారు. ఆవరణలో షామియానా వేశారు, పెద్ద తెర కట్టారు. ఆ తెర మీద తవిటయ్య అంకెలు జనమందరి ముందూ చూపించడం కార్యక్రమంలో మొదటి అంశం. సువార్తమ్మ తొమ్మిదింటికి మాత్ర వేసింది. సంచాలకులు పెద్ద అధికారి. పెద్ద అధికారి గనక మూడింటికి వచ్చారు. మాత్ర పవరు ఎప్పుడో దిగిపోయింది.

వేదిక మీద తవిటయ్యకు శాలువా కప్పారు. ఈ నెలరోజుల్లో ఆసుపత్రి వారు చేసిన పనికొచ్చే పని అదొక్కటే. చలితో దవడలు కొట్టుకుంటున్న ఆ మనిషి శాలువాను మెడదాకా లాక్కున్నాడు. చేతికి పట్టీ చుట్టారు. తెర మీద అంకెలు పడ్డాయి. నూట మూడు పాయింట్ రెండు. నూట ఇరవై నాలుగు. తొంభై ఆరు బై అరవై. ఊపిరి ముప్పై. తెరంతా ఎర్రబారింది.

పుండరీకాక్షరావు గారి కళ్లముందు ప్రమోషన్ గాల్లో తేలిపోయింది.

సంచాలకులు చాలాసేపు తెరవైపు చూశారు. తర్వాత మైకు దగ్గరకు జరిగారు.

"ముప్పై దినములు. నలభై మంచములు. దినమునకు నాలుగు పర్యాయములు. ఒక్క ఎరుపు లేదు. ఇట్టి మహనీయుని శరీరము నేడు ఈ సంఖ్యలు పలుకుచున్నదనిన, దోషము ఎవరిది? శరీరముదా, సంఖ్యలదా?" అని ఆగారు. "నూరేళ్ల నుంచి మనము తప్పుడు అంకెలను నార్మల్ అని నమ్ముచున్నాము. నేటినుంచి ఇవియే నార్మల్."

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా పుండరీకాక్షరావు గారు కొట్టారు. యాప్ చూసే ఇంజనీరు అక్కడికక్కడే అంకెలు మార్చేశాడు. సంచాలకులు మరో ఉత్తర్వు కూడా చదివించారు. కొత్త ప్రమాణం ప్రకారం ఎరుపు పడినవారికే మందులు. మందుల గది తాళం మహోద్యమం వారి దగ్గరే ఉంటుంది. పచ్చపడినవారికి సర్టిఫికెట్టు.

జనాన్ని వరసగా నిలబెట్టి చూశారు. కలెక్టరాఫీసు వాళ్లు, పోలీసులు, షామియానా కట్టినవాళ్లు, విలేఖరులు, అందరికీ ఎరుపే. అందరూ మనిషికి అయిదేసి డిగ్రీలు చల్లబడి ఉన్నారు. చివరికి సంచాలకులు తమ చెయ్యి చాపారు. నాడి డెబ్బై రెండు, జ్వరం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, ఊపిరి పదహారు.

"డెబ్బై రెండా?" ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. "యాభై రెండు తక్కువ. నాకు కొన్నాళ్లుగా అనుమానంగానే ఉంది."

సాయంత్రానికి మెడికల్ వార్డు నిండా ఏ జబ్బూ లేని మనుషులు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. సంచాలకుల వారికి పదకొండో నంబరు మంచం, మూడు రగ్గులు, కాళ్లదగ్గర రెండు వేడినీళ్ల సంచులు. పుండరీకాక్షరావు గారికి పదో నంబరు. మలేరియా తిరగబెట్టి నిజంగా జ్వరంతో కాగుతున్న సూరపునాయుడి చేతిలో 'ఆదర్శ ఆరోగ్యవంతుడు' అని రాసిన సర్టిఫికెట్టు పెట్టి, తెల్లారి ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

"ఇది మింగాలా, రాసుకోవాలా అమ్మా?" అని సువార్తమ్మను అడిగాడతను.

తవిటయ్యను వేదిక మీదే మర్చిపోయారు. సువార్తమ్మ స్ట్రెచర్ తెచ్చి తనే తోసుకుంటూ లోపలికి తీసుకొచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ స్ట్రెచర్ మీద పడుకోవడం అతనికి ఇదే మొదటిసారి. వరండా కప్పు ఇంత పెచ్చులూడిపోయి ఉందని అతనికి అంతవరకు తెలియదు.

"అమ్మా," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, "నాను సచ్చిపోతే... ఆల్లందరూ కూడా... సచ్చిపోవాలేటి?"

"నోరు మూసుకో తవిటయ్యా. ఊపిరి దండగ" అంది సువార్తమ్మ.

మందుల గది దగ్గర ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. సెలైన్ కావాలంటే యాప్‌లో ఎరుపు చూపించమన్నాడు. తవిటయ్య చేతికి పట్టీ చుడితే పచ్చ. నిఖార్సయిన పచ్చ, ఆ పచ్చకు పుట్టిల్లే అతను. పైగా ప్రమాణం పేరు రోగుల జాబితాలో రాయకూడదట. సువార్తమ్మ ఒక్క నిమిషం వార్డు గుమ్మంలో నిలబడింది. రగ్గుల కింద చెమటలు కక్కుతూ, నిమ్మళంగా ఊపిరి తీసుకుంటున్న సంచాలకుల వారిని చూసింది. తవిటయ్యను పన్నెండో నంబరు మంచం మీదికి ఎక్కించి, జాబితాలో 'పైడమ్మ భర్త' అని రాసింది. తర్వాత పక్కమంచం వైపు తిరిగింది.

"సార్, ఒకసారి ఎడమచెయ్యి ఇటు ఇస్తారా? మంచం దాటించి, కొంచెం ఇటు."

"ఎందుకు సిస్టర్?"

"మీ పరిస్థితికి అరగంటకోసారి చూడాలండి."

"అంత విషమంగా ఉందా?"

"చూస్తున్నాం కదండీ" అంది సువార్తమ్మ. సంచాలకుల వారి చెయ్యి పన్నెండో నంబరు మంచం మీదికి లాగి, పట్టీ చుట్టి, ఫోటో తీసింది. ఎరుపు పడింది. ఇంజనీరు తుళ్లిపడి తాళం తీశాడు. సెలైన్ వచ్చింది, ఇంజక్షన్ వచ్చింది, ఆక్సిజన్ సిలిండరు దొర్లుకుంటూ వచ్చింది.

తర్వాత ఆమె సూరపునాయుడి వైపు చూసింది. సంచాలకుల మంచానికి చక్రాలున్నాయి.

"సార్, ఒకసారి వార్డంతా తనిఖీ చేస్తారా? పడుకునే చేయొచ్చు."

ఆ మాటకు ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. మంచం ఏడో నంబరు దగ్గర ఆగింది. అక్కడ నాయుడి మంచం మీద ఆయన చెయ్యి. ఎరుపు. అక్కణ్నుంచి తొమ్మిది. అక్కణ్నుంచి ఇరవై రెండు. జ్వరమున్న ప్రతి మంచం దగ్గరా సంచాలకుల వారు చెయ్యి చాపి, రోగితో "ధైర్యంగా ఉండండి" అని చెప్పి ముందుకు కదిలారు. పదో నంబరులో పుండరీకాక్షరావు గారు రగ్గు కిందినుంచి ఇదంతా చూశారు. అర్థమైంది. ఒక్క మాటే అన్నారు.

"రూల్లో మంచము మీది చెయ్యి అనే ఉంది."

ఇటు పన్నెండో నంబరులో పైడమ్మ భర్త మందులు తీసుకుంటున్నాడు. అటు మహోద్యమం వారు ప్రమాణం ఎలా ఉందో చూడ్డానికి పొద్దున్నే వచ్చి, అదే మంచం మీద అదే మనిషిని పరీక్షించి వెళ్తున్నారు. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అనుమానించే బుద్ధి యాప్‌కు ఎవరూ పెట్టలేదు. మూడోరోజున ప్రమాణం నూట ఒకటికి దిగింది. మహోద్యమం వారిలో కలవరం మొదలైంది. నాలుగోరోజున నూరు. ఊపిరి ఇరవై నాలుగుకు పడిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గర బులెటిన్ అంటించారు: 'ప్రమాణం క్షీణించుచున్నది.'

"అంకెలు మళ్లీ మార్చేద్దామా సార్?" అని ఇంజనీరు సంచాలకుల వారిని అడిగాడు.

"ప్రమాణం ఒక్కసారే మారుతుంది" అన్నారాయన రగ్గుల్లోంచి. "మాటిమాటికీ మారితే అది ప్రమాణం కాదు, వాతావరణం."

ఆరోరోజు ఉదయం నూట ఇరవై బై ఎనభై. నాడి డెబ్బై రెండు. జ్వరం తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. సువార్తమ్మ గడియారం చూసుకుని ఊపిరి లెక్కపెట్టింది. పదహారు. మరో నిమిషం లెక్కపెట్టింది. పదహారే. ఆమె ముఖం అటు తిప్పుకుని కాసేపు కిటికీలోంచి బయటకు చూసింది.

ఆ అంకెలు చూసి మహోద్యమం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పదిన్నరకు పైడమ్మను లోపలికి పిలిచారు. సంచాలకుల వారే, రగ్గు భుజాల మీద కప్పుకుని, ఎదురు వచ్చారు.

"అమ్మా, మనసు దిటవు చేసుకోండి. మేము చేయగలిగినదంతా చేశాము. ఏ ఒక్క సూచికా ప్రమాణంలో లేదు. ఇక మా చేతుల్లో లేదు."

పైడమ్మ ఆ మాటలు పూర్తిగా వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వార్డులోకి పరిగెత్తింది. పన్నెండో నంబరు మంచం మీద తవిటయ్య కూర్చుని, నాలుగో ఇడ్లీ తింటున్నాడు.

ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ కింద వేసింది. అరికాలు పట్టుకుని చూసింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, అతన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఏటలాగ సూస్తన్నావు?" అన్నాడు తవిటయ్య.

"ఏటీ లేదు. తిను."

కాగితం తయారుచేశారు. 'పేషెంటు బతుకుటకు అవకాశము లేదని వైద్యులు తెలుపగా, నా ఇష్టపూర్వకముగా ఇంటికి తీసుకుపోవుచున్నాను.' పైడమ్మ వేలిముద్ర వేసింది. గేటు తెరిచారు. పాసు అడగలేదు. మహోద్యమం వారు రెండు వరసలుగా నిలబడి తలలు వంచారు. ఒకతను తవిటయ్య మెడలో పూలదండ వేసి, కళ్లు తుడుచుకున్నాడు. సువార్తమ్మ ఆటోదాకా వచ్చి, మాత్రలు పైడమ్మ చేతిలో పెట్టింది. ఇంకా అయిదు రోజులు పొద్దున్నా సాయంత్రమూ తప్పకుండా వేయమని రెండుసార్లు చెప్పి, తొందరగా లోపలికి వెళ్లిపోయింది. సూరపునాయుడికి సెలైన్ అయిపోవస్తోంది.

ఆటోవాడు దండనూ, తలలు వంచుకున్న జనాన్నీ, తవిటయ్యనూ మార్చిమార్చి చూశాడు. బండి రోడ్డెక్కాక అడిగాడు.

"ఏటైంది మావా? జొరం తగ్గనేదేటి?"

"తగ్గిపోనాది. మొత్తం నార్మలైపోనాను" అన్నాడు తవిటయ్య. "అందుకే ఇంక లాభం లేదని పంపించీసినారు."